ఏడో పాయింటు

ఇది వాసనేనా, లేక వాసన పేరుతో మెదడు ఆడుతున్న నాటకమా, మూడు నెలలుగా ముక్కు మొహానికి అలంకారంగా ఉండిపోయిందే తప్ప కాఫీకీ సబ్బునీళ్ళకీ తేడా చెప్పిన పాపాన పోలేదు, జ్వరం తగ్గింది, దగ్గు తగ్గింది, వాసన మాత్రం పోయింది పోయినట్టే ఉంది, వస్తుందిలెండి మాస్టారూ, ఒక్కొక్కరికి ఒక్కోలా, ఓపిక పట్టండి అన్నాడు డాక్టరు ఫోనులో, ఓపిక పట్టినందుకు ఇదన్నమాట బహుమానం, తిరిగొచ్చిన ముక్కుకి మొట్టమొదట దొరికింది ఈ కుళ్ళు, చచ్చిన ఎలకనీ నానిన చెప్పుల్నీ ఒకే గిన్నెలో వేసి మూతపెట్టి మరిగించినట్టు, బాల్కనీ తలుపు సందులోంచి సన్నగా, దారి తెలిసినదానిలా నేరుగా తన కుర్చీ దగ్గరికే వస్తోంది, అతను జేబురుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని ల్యాప్‌టాప్ మీదికి వంగాడు, తెర మీద ఎనిమిదో తరగతి పిల్లల జవాబు పత్రాలు, ముప్ఫై ఒకటి, కాగితం మీద రాసి ఫోనుతో ఫొటో తీసి పంపినవి, ఒకటి పక్కకి తిరిగి ఉంది, ఒకటి తలకిందులు, ఒకదాంట్లో సగం జవాబు మీద వాళ్ళ పిల్లి తోక, నాలుగు గంటలకల్లా మార్కులు పంపాలి, ఇప్పుడు రెండున్నర, మిగిలింది చివరి ప్రశ్న ఒక్కటే, మహమ్మారి కాలంలో నగరాల్లో ఇంటి తోటల పెంపకం వల్ల కలిగే ప్రయోజనాలు రాయండి, పది పాయింట్లు, పాయింటుకో మార్కు, ఆ మాట చూసినప్పుడల్లా గొంతులోకి చేదు ఎగదన్నుకొస్తోంది, ప్రయోజనాలట, ఆ పది ప్రయోజనాలూ చెప్పి రాయించిన నోరు తనదే, బడి మూసేసి తెరల మీద పాఠాలు మొదలుపెట్టిన కొత్తలో, బాల్కనీలో భార్య పెంచుతున్న కుండీల్ని చూసి, కాలు బయట పెట్టకుండా ఇంట్లోనే పాఠం దొరికిందని తెగ మురిసిపోయి.

ఒకటి, బజారుకు వెళ్ళే పని ఉండదు కనుక రోగం సోకే ప్రమాదం తగ్గుతుంది, ముప్ఫై ఒక్కమందీ పొల్లు పోకుండా రాశారు, చిలకలు, బంగారు చిలకలు, మార్కు వెయ్యక తప్పదు, వేసిన ప్రతిసారీ వేలికి జిడ్డేదో అంటినట్టు చొక్కాకి తుడుచుకుంటున్నాడు, ఎందుకంటే బజారుకు వెళ్ళే పని లేకుండా చేసే ఆ తోట కోసమే అతను బజారుకు వెళ్ళాడు, మట్టి అయిపోయిందండీ, రెండంటే రెండు బస్తాలు, వంగమొక్కలకి కుండీలు మార్చకపోతే గిడసబారిపోతాయి అని ఆమె వారం రోజులు చెవినిల్లు కట్టుకుని పోరితే మాస్కు మీద మాస్కు కట్టుకుని మొక్కలమ్మే చోటికి వెళ్ళాడు, ఊరందరికీ ఒకేసారి పచ్చదనం మీద ప్రేమ పుట్టుకొచ్చినట్టుంది, గేటు దాటి రోడ్డు మలుపు దాకా వరస, తన ముందున్నవాడు మాస్కుని గడ్డం కిందికి లాక్కుని మరీ తుమ్మాడు, తుమ్మి, సారీ సార్, దుమ్ము పడదు నాకు అన్నాడు, ఎంత మర్యాదస్తుడో, ఐదో రోజున తనకి జ్వరం, పదమూడో రోజున ఆమెకి, తనకి తగ్గింది, ఆమెకి తగ్గలేదు, ఇరవై ఆరో రోజున ఆసుపత్రి నుంచి ఫోను, అంతే, ఆ రెండు బస్తాలూ ఇంకా వీధి తలుపు పక్కనే ఉన్నాయి, కట్టు కూడా విప్పలేదు, వచ్చిన ప్రతివాళ్ళూ వాటి మీదే చెప్పులు ఆనించి విప్పుకుంటారు, ఇదేమిటి మాస్టారూ, మట్టా, అని అడుగుతారు, అవునండీ మట్టే అంటాడు, అంతకంటే ఎవరికీ చెప్పలేదు, రెండు, తాజా కూరగాయలు లభిస్తాయి, లభించాయి, మొత్తం నాలుగు వంకాయలు, అందులో మూడింట్లో మనకంటే ముందే కాపురం పెట్టిన పురుగులు, నాలుగు, మనసుకు ప్రశాంతత కలుగుతుంది, ఏం ప్రశాంతత, ఆ మూరెడు బాల్కనీలో బట్టలారేసుకోవాలా కుండీలు పెట్టాలా అని వాళ్ళిద్దరూ మాట్లాడుకోని రోజులు ఎన్ని, ఐదు, వంటింటి చెత్త ఎరువుగా మారుతుంది, మారుతుంది, మారుతోంది, ఇదిగో ఇల్లంతా కొడుతోంది.

మాస్టారూ, ఓ మాస్టారూ, కింది వాటా ఆవిడ, ఉన్నారా, ఉన్నారని తెలుసులెండి, ఫ్యాను చప్పుడు వినిపిస్తూనే ఉంది, ఒకసారి ఇలా తొంగి చూడండి, అతను తొంగి చూశాడు, ఆవిడ కింద నిలబడి తెల్ల దుప్పటి రెండు చేతులా చాపి పట్టుకుంది, దాని మీద గోధుమరంగు చుక్కలు, వరసగా, ఎవరో దగ్గరుండి పెట్టినట్టు, ఏమిటండీ ఇది, పొద్దున్నే ఉతికి ఆరేశాను, మీ బకెట్టు కారుతోంది, కాఫీ ఒలికినా నయం, ఆ కంపేమిటి బాబోయ్, మా ఆయన కంచం ముందునుంచి లేచిపోయాడు, లేచినవాడు ఊరుకున్నాడా, ఫ్రిజ్జులో ఏదో కుళ్ళబెట్టావని నన్ను తిట్టాడు, పెళ్ళయి పాతికేళ్ళు, ఒక్కపూట కుళ్ళింది పెట్టానా నేను, క్షమించండి, చూస్తాను అన్నాడతను, ఆవిడ దుప్పటి దించి గొంతు తగ్గించింది, అయ్యో నేను తప్పు పట్టడం లేదండీ, ఆవిడ ఉన్నప్పుడు ఇలా ఎప్పుడైనా ఉందా, పైనుంచి పుదీనా వాసనొచ్చేది, అడక్కుండానే గుప్పెడు కోసి తాడుకి కట్టి కిందికి వదిలేది, మహాతల్లి, ఎక్కడికీ పోలేదనుకోండి, ఆ మొక్కల్లోనే ఉందనుకోండి, ఆ బకెట్టు మాత్రం సాయంత్రంలోగా తీసెయ్యండి.

మొక్కల్లోనే ఉందట, ఈ మాట ఇప్పటికి ఎంతమంది అన్నారో, అందరూ ఒకే దుకాణంలో కొనుక్కొచ్చినట్టు, స్టాఫ్‌రూమ్ గ్రూపులో లెక్కల మాస్టారు అదే పంపాడు, పూలగుత్తి బొమ్మతో సహా, హెడ్‌మేడమ్ అదే అంది, ఉందా, ఏదీ, అతను బాల్కనీ తలుపు తోసుకుని బయటికి వచ్చాడు, టమాటా మొక్క కట్టిన కర్రకి ఉరేసుకున్నట్టు వేలాడుతోంది, దాని ఆకులు చేత్తో తాకితే సిగరెట్ బూడిదలా రాలతాయి, పాలకూర ఉన్న తొట్టిలో పాలకూర లేదు, పగుళ్ళిచ్చిన మట్టి, అందులో ఒక పావురం పెట్టిన రెట్ట, పుదీనా పుల్లలు, మిరపచెట్టు కొమ్మలకి తెల్లగా బూజులాంటి పురుగు, దూదిలా, మెత్తగా, చూస్తేనే పళ్ళు పులిసిపోయేలా, మొక్కల్లో ఉందనుకోవాలా, ఈ బూజులో ఉందనుకోవాలా, మూలన బకెట్టు, ఆమె అడుగున చిల్లులు పెట్టించి, కింద పళ్ళెం పెట్టి, మూత మీద రాయి పెట్టిన నీలం బకెట్టు, జబ్బు పడ్డ రోజున వేసిన తొక్కలతో సహా అలాగే మూసి ఉంది, నిన్నటిదాకా ముక్కు లేదు కనుక బకెట్టూ లేదు, అతను ఊపిరి బిగబట్టి రాయి తీసి మూత ఎత్తాడు, లోపల నల్లటి ముద్ద కదులుతోంది, ముద్ద కాదు, ముద్ద మీద పురుగులు, బియ్యపు గింజలకి ప్రాణం వచ్చినట్టు ఒకదాని మీదొకటి, తీరికగా, పండగ చేసుకుంటున్నట్టు, కడుపులోంచి పెద్ద డోకు వచ్చింది, మూత జారి టక్కున పడింది, నల్ల ప్లాస్టిక్ సంచులు మూడు నిన్ననే తెచ్చి పెట్టాడు, అన్నీ వాటిలో వేసి కట్టేసి చెత్తబండికి ఇచ్చేస్తే సరి, బకెట్టు, కుండీలు, కర్రలు, ఆమె మట్టి తవ్వే ఆ వంకర చెంచా, అన్నీ, మార్కులు పంపగానే ఆ పని, గట్టిగా అనుకుని వెనక్కి తిరగబోతే కుళాయి పక్కన ఒక్క వంగమొక్క, పై అంతస్తు గొట్టం నుంచి చుక్క చుక్క కారుతున్న నీళ్ళు తాగి బతికేసింది, సిగ్గులేనిది, ఆకులన్నీ జల్లెడ, లేత కొస మీద పచ్చటి పురుగు, వేలి కణుపంత, ఆకు తింటూ ఆగి తలెత్తి ఎవరబ్బా అన్నట్టు చూసింది.

ఆమె అయితే పట్టుకునేది, ఉత్త వేళ్ళతో, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య, చీర కుచ్చెళ్ళు సర్దుకున్నంత మామూలుగా, పట్టుకుని కాసేపు చూసేది కూడా, ఎంత నున్నగా ఉందో చూడండి, మీ బుగ్గల్లా, అనేది, అతను రెండడుగులు వెనక్కి వేసేవాడు, ఆమె గోళ్ళ కింద ఎప్పుడూ నల్లగా మట్టి, ఎంత కడిగినా పోనట్టు, ఆ గోళ్ళతో రొట్టె తుంపితే అతను తన ముక్క తను తుంపుకునేవాడు, ఏదో అలవాటు ప్రకారం తుంపుకున్నట్టు, ఆమె చూసీ చూడనట్టు ఊరుకునేది, అతనికి ఒక పట్టకారు ఉండేది, వంటింట్లో వేడిగిన్నెలు దించేది, దాన్ని పురుగుల కోసం ప్రత్యేకించి బాల్కనీ మేకుకి తగిలించుకున్నాడు, పురుగు తియ్యాల్సి వస్తే పట్టకారుతోనే, మొహం పక్కకి తిప్పుకుని, సగం సార్లు పురుగుతోపాటు మొగ్గ కూడా తెగి వచ్చేది, ఆమె తల కొట్టుకునేది, మేకు ఉంది, పట్టకారు లేదు, ఎక్కడ పెట్టాడు, ఆలోచన అక్కడ ఒక తలుపు దగ్గరికి వచ్చి ఆగింది, తలుపు తియ్యకుండా వెనక్కి తిరిగింది, ఫోను మోగుతోంది.

హెడ్‌మేడమ్, మాస్టారూ ఎంతవరకు వచ్చింది, అయిపోవచ్చిందండీ, అది కాదు, మీవాళ్ళ పేపర్లు నేనూ ఒక ఐదారు తిప్పి చూశాను, చివరి ప్రశ్నకి పది పాయింట్లలో ఏడోది మీది వదిలేసి ఇంకేదో రాశారేమిటి, అందరికీ అదొకటే, చదవనా, పురుగులను చేతితో తీయవలెను, అసహ్యం కడుక్కుంటే పోతుంది, మొక్క పోతే మళ్ళీ రాదు, ఇదెక్కడి ప్రయోజనమండీ, మీ నోట్సులో లేదు కదా, అవునండీ లేదు, నేనూ గమనించాను అన్నాడతను, ఎవడో రాసి గ్రూపులో పెట్టాడు, మిగతావాళ్ళు దించేశారు, అంతే కదా, ఇంట్లో కూర్చుని రాసే పరీక్షలు ఇంతకంటే ఏం ఏడుస్తాయి, నేనైతే ఆ ప్రశ్నకి మొత్తం అందరికీ సున్నా వెయ్యమంటాను, తల్లిదండ్రులు అడిగితే నేను చెప్పుకుంటాను, మీరు రెడ్‌పెన్ను పెట్టి పంపండి, పదిలో సున్నా అంటే కొందరు తప్పుతారండీ అన్నాడతను, తప్పనివ్వండి, మీరే కదా కాపీ కొట్టినవాడి నీడ కూడా పడకూడదు అనేవారు, అంది, తర్వాత గొంతు మార్చి, తింటున్నారా సరిగ్గా, అంది, తింటున్నానండీ.

అతనికీ ఒళ్ళు మండింది, పన్నెండు పేపర్లలో ఆ ఏడో పాయింటు మీద ఎర్రగీత ఇప్పటికే లాగేశాడు, అడ్డంగా, ఒకటికి రెండుసార్లు, ఏ వీడియోలోంచి ఏరుకొచ్చారో, ఎవడి ఎంగిలో, నమిలి ఊసింది నోట్లో పెట్టుకోవడానికి రోత లేదా వీళ్ళకి, పదేళ్ళుగా ఒకటే మాట చెప్తున్నాడు క్లాసులో, నేను చెప్పింది వినండి, వినిపించింది వినిపించినట్టు రాయండి, పక్కవాడి పుస్తకంలోకి చూడకండి, పొరపాటు దొర్లితే నేనే కొట్టెయ్యమంటాను, అప్పుడు కొట్టెయ్యండి, అప్పటిదాకా ముట్టుకోకండి, ఆ మాట వల్ల పిల్లలు తనకి కొట్టెయ్యండి సారని పేరు పెట్టారనీ తెలుసు, పెట్టుకోనీ, పదమూడో పేపరు తెరిచాడు, క్లాస్ లీడరుది, గుండ్రటి అక్షరాలు, మార్జిన్ కొట్టి, పాయింటు అంకెల చుట్టూ సున్నాలు చుట్టి, ఈ పిల్ల కూడానా, చీమ నడిచినట్టు చక్కగా, పురుగులను చేతితో తీయవలెను, ఈ పిల్ల ఎవరి దగ్గరా చూసి రాయదు, రాయమన్నా రాయదు, ఎర్రగీత లాగబోయిన వేలు ఆగింది, ఫోను తీసి ఆ పిల్లకే చేశాడు.

సార్, నమస్తే సార్, వెనకాల కుక్కర్ కూత, అమ్మా స్టవ్ ఆపు, సారు, అని పిల్ల కేక, చెప్పండి సార్, ఏడో పాయింటు ఎక్కడిది అని అడిగాడతను, పాఠం చెప్పే గొంతుతోనే, నోట్సులోదే సార్ అంది పిల్ల, నా నోట్సులో లేదమ్మా, మా నోట్సులో ఉంది సార్, మీరే చెప్పారు, నేను చెప్పలేదు, నిజం చెప్పు, ఏమీ అనను, మీరంటే మీరు కాదు సార్, మేడమ్ చెప్పారు, ఏ మేడమ్, మీ మేడమే సార్, ఆ రోజు మీరు ల్యాప్‌టాప్ పట్టుకుని మాకు తోట చూపించారు కదా, ఆరు పాయింట్లు చెప్పారు, ఏడు అన్నారు, అని ఆగి, పిల్ల నవ్వు ఆపుకుంటోందని తెలుస్తోంది, ఏడు అని, వంకాయ ఆకు మీద పురుగు చూసి ఎగిరి గంతేశారు సార్, తెర అంతా గిర్రున తిరిగింది, పట్టకారు, పట్టకారు అని అరిచారు, అప్పుడు మేడమ్ అన్నారు, చేత్తో తియ్యండి, అసహ్యం కడుక్కుంటే పోతుంది, మొక్క పోతే మళ్ళీ రాదు అని, తర్వాత మీరు మైకు ఆపేశారు, మళ్ళీ వచ్చి ఎనిమిది అన్నారు, మరి ఏడు అదే కదా అని అందరం రాసుకున్నాం, మేడమ్‌ది మామూలు మాటలా ఉందని నేను తీయవలెను అని మార్చాను సార్, మిగతావాళ్ళు నా దగ్గర సరిచూసుకున్నారు, అంతే, కాపీ కాదు సార్, మీరు కొట్టెయ్యమనలేదు, అని, చిన్న గొంతుతో, ఇప్పుడు కొట్టెయ్యాలా సార్, అని అడిగింది, వద్దు అన్నాడతను, సార్, మా ఇంట్లో కూడా పెట్టాం సార్, మూడు కుండీలు, మొదట పురుగుని పట్టుకుని కెవ్వుమని పారేశాను, తర్వాత సబ్బుతో కడుక్కున్నాను, నిజంగానే పోయింది సార్.

మైకు ఎందుకు ఆపాడో అప్పుడు గుర్తొచ్చింది, ఆపి ఏమన్నాడో కూడా, క్లాసు జరుగుతుంటే మధ్యలో నీ గోలేమిటి, నోరు మూసుకుని ఉండలేవా, పిల్లల ముందు నవ్వులపాలు చేశావు, అన్నాడు, ఆమె చేతిలో పురుగుతోనే, సరే సరే, మీ పాఠం మీరు చెప్పుకోండి, అని కుండీల వైపు తిరిగింది, తను నవ్వులపాలైన కోపంలో ఏడు మింగేసి ఎనిమిదికి వెళ్ళాడు, తను మింగేసిన చోట పిల్లలు ఆమెని రాసుకున్నారు, ఇళ్ళ మూలల్లో, భోజనాల బల్లల మీద, పిల్లి తోకల కింద, ముప్ఫై ఒక్క చేతిరాతల్లో, వంకర్లు పోతూ, అక్షరాలు తప్పుతూ, కంటి ముందే ఉంది, అందులో పన్నెండింటి మీద తన ఎర్రగీతలు, రెండేసి, అతను మొదటి పేపరు తెరిచాడు, వెనక్కి అన్న గుర్తు నొక్కాడు, ఒక గీత పోయింది, మళ్ళీ నొక్కాడు, రెండోదీ పోయింది, రెండో పేపరు, మూడో పేపరు, పన్నెండూ, ఒక్కొక్క గీతా వెనక్కి తగ్గి లేకుండా పోతుంటే అవతల బకెట్టు కంపు అలాగే వస్తోంది, ఈసారి అది బకెట్టుదా తనదా అర్థం కాలేదు, ముప్ఫై ఒక్కరికీ ఏడో పాయింటుకి మార్కు వేశాడు, హెడ్‌మేడమ్‌కి సందేశం రాయడానికి కూర్చుంటే మాటలు కుదరలేదు, ఏడో పాయింటు నేను చెప్పించినదే అని రాశాడు, అబద్ధం, చెరిపాడు, పొరపాటున దొర్లినది అని రాశాడు, అదింకా అబద్ధం, చివరికి, కాపీ కాదండీ, క్లాసులో మా ఆవిడ చెప్పింది, పిల్లలు విన్నది విన్నట్టు రాశారు, ఆ మార్కు వేస్తున్నాను అని పంపాడు, అవతలినుంచి, సరే మాస్టారూ, అని మాత్రం వచ్చింది, పూలగుత్తి లేకుండా, అందుకు ఆవిడకి మనసులోనే దండం పెట్టుకున్నాడు.

సంచులు మోకాళ్ళ దగ్గర గరగరలాడుతున్నాయి, అతను మళ్ళీ బాల్కనీలో ఉన్నాడు, ఎప్పుడు వచ్చాడో, పచ్చ పురుగు ఇందాకటి ఆకు ముగించి పక్క ఆకుకి మారింది, చెయ్యి మేకు దగ్గరికి వెళ్ళింది, పట్టకారు లేదు, ఎక్కడుందో ఇప్పుడు తెలుసు, ఇందాక ఆలోచన తియ్యకుండా వదిలేసిన ఆ తలుపు దానంతటదే తెరుచుకుంది, వెనక గది తలుపు, ఆమె పడుకున్న గది, పట్టకారు ఆ గది కిటికీ గూట్లో ఉంది, అప్పటినుంచీ అక్కడే ఉంది, అప్పటికి తనకి తగ్గి వారం, డాక్టరు ఫోనులో విడమరచి మరీ చెప్పాడు, మీకు వచ్చి తగ్గింది మాస్టారూ, మాస్కు పెట్టుకుని దగ్గర కూర్చోండి, వీపు నిమరండి, బోర్లా తిప్పండి, మనిషి పక్కనుంటే ధైర్యం, అలాగేనండీ అన్నాడు తను, అని, భోజనం పళ్ళెం గడప మీద పెట్టి కాలితో లోపలికి తోశాడు, ఒక మధ్యాహ్నం ఆమె పక్క మీదే వాంతి చేసుకుంది, లేచి కడుక్కునే ఓపిక లేదు, తనకి వాసన కూడా రావడం లేదు, వాసన రాకుండానే కడుపులో తిప్పింది, రెండు చేతులకీ రెండేసి గ్లోవులు తొడుక్కుని, అవీ చాలనట్టు బాల్కనీలోకి వెళ్ళి పట్టకారు తెచ్చాడు, దాంతో దుప్పటి అంచు పట్టుకుని లాగాడు, ఆమె చేతనైనంత ఒళ్ళు ఎత్తి ఇచ్చింది, తల పక్కకి తిప్పుకుని లాగుతుంటే దుప్పటి ఎక్కడో చిక్కుకుంది, చూస్తే ఆమె చెయ్యి, మట్టి పోయి గోళ్ళు తెల్లగా ఉన్నాయి, ఎన్నడూ అంత తెల్లగా లేవు, ఆమె పట్టకారు వైపు చూసింది, ఊపిరి కూడదీసుకుని నవ్వింది, అది పురుగులదండీ, అంది, ఏం చేస్తాం, జాగ్రత్త పడాలి కదా అన్నాడు తను, పడండి పడండి, అంది, అని గోడవైపు తిరిగింది, ఆ దుప్పటి ఉతకలేదు, సంచిలో కట్టి పారేశాడు, మర్నాడు బండి వస్తే ముక్కూ మొహం తెలియని మనుషులిద్దరు ఆమెకి చెరో రెక్కా పట్టి మెట్లు దింపారు, తను రెండు మెట్లు పైన నిలబడి, జాగ్రత్త, జాగ్రత్త అన్నాడు.

అతను చెయ్యి చాపాడు, ఉత్త చెయ్యి, పురుగు వేలు తగలగానే ముడుచుకుంది, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య మెత్తగా, చల్లగా, లోపల ఏదో కదులుతున్నట్టు, వెన్నులోంచి రోత జరజరా పాకి మెడ దాకా వచ్చింది, వదల్లేదు, మొగ్గ తెగలేదు, పురుగుని పక్కనున్న ఎండు తొట్టిలో వేసి, మిగతా ఆకులు ఒక్కొక్కటే తిరగేసి చూసి, ఇంకా రెండు తీశాడు, తర్వాత మూత తీసి, బకెట్టు మోచేతుల దాకా ఎత్తి ఖాళీ తొట్టిలోకి ఒంపాడు, నల్లటి నీళ్ళు మణికట్టు మీదుగా కారాయి, డోకు వచ్చింది, ఆగాడు, మళ్ళీ ఒంపాడు, వీధి తలుపు దగ్గర్నుంచి ఒక మట్టిబస్తా ఈడ్చుకొచ్చి, కట్టు విప్పి, ఆ కుళ్ళంతా కనపడకుండా నాలుగు గుప్పిళ్ళు కప్పాడు, కింద ఆవిడ, హమ్మయ్య, అంటోంది ఎవరితోనో, కుళాయి తిప్పి సబ్బు అందుకున్నాడు, అరచేతులు, వేళ్ళ సందులు, గోళ్ళ కింద, మణికట్లు, గోధుమ రంగు నురగ, తర్వాత తెల్ల నురగ, తర్వాత ఉత్త నీళ్ళు, వేళ్ళు ముక్కు దగ్గర పెట్టుకుని చూశాడు, సబ్బు వాసన, మూడు నెలల తర్వాత సబ్బు సబ్బులా వాసనేస్తోంది, ఇంకేమీ లేదు, పోయింది, మొత్తం అర నిమిషం పట్టలేదు, తడి చేతులు తుడుచుకోకుండా అలాగే గాల్లో పట్టుకుని నిలబడ్డాడు, రోగమంటే భయపడ్డానని ఆమె తరఫువాళ్ళకి చెప్పాడు, తనవాళ్ళకి చెప్పాడు, మూడు నెలలుగా రోజూ తనకి తను చెప్పుకుంటున్నాడు, వచ్చి తగ్గినవాడికి రోగమంటే భయమేమిటి, ఆ గదిలో తనకి కలిగింది అసహ్యం, అర నిమిషంలో కడుక్కుంటే పోయేది.